పద్దులో మొదటి వరుస పప్పుదే

పెళ్ళయిన మరుసటి నెల నుంచి నేటి వరకు ఇంటి ఖర్చులు రాసుకున్న పద్దు పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున, నా దగ్గర ఉన్నాయి. గుంటూరులో మా అమ్మ సోలతో, తవ్వతో కొలుచుకుని నోటి లెక్కతో నడిపిన సంసారాన్ని నేను విజయవాడ పటమటలో కిలోలలో, రూపాయలలో కాగితం మీద పెట్టి నడుపుతున్నాను. వాటిలో 2022 నాటి పుస్తకం తీసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నేను ఎన్నడూ లేనంత గట్టిగా పొదుపు చేశానని సంతోషపడిన సంవత్సరం అదే. ఆ పొదుపంతా తప్పుదారిన చేశానని తెలిసివచ్చిందీ ఆ సంవత్సరమే.

మావారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తారు. ఆ ఏడాది పనులు సగానికి పడిపోయాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె లీటరు రెండు వందలకు చేరువైన రోజులవి. అత్తయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిపి ఐదుగురం. అంతకు ముందు పచారీ సరుకులు, పాలు, కూరగాయలు అన్నీ కలిపి నెలకు పదివేల ఐదు వందలు అయ్యేది. దానిని ఏడు వేలకు దించాను. ఎనిమిది నెలల పాటు అలాగే నడిపాను. ఇరవై ఎనిమిది వేలు మిగిలాయని పుస్తకం చివరి పుటలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఆ శీతకాలంలో పాఠశాలలో ఆరోగ్య పరీక్షలు చేసినప్పుడు, అప్పటికి పదమూడేళ్ళున్న మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 8.9 మాత్రమే ఉందని, రక్తం తక్కువని చీటీ రాసి ఇచ్చారు. చూపించడానికి ఆసుపత్రికి తీసుకువెళ్తే, అక్కడి డాక్టరమ్మగారు పిల్లను పరీక్షించి, నా కనురెప్ప కూడా కిందికి లాగి చూసి, నాకూ రక్తపరీక్ష రాశారు. నాది 8.1 వచ్చింది. ఆమె మందుల పేర్లు రాస్తూ, తల ఎత్తకుండానే, "మీ ఇంట్లో ఆఖరున ఎవరు తింటారమ్మా?" అని అడిగారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడ తగ్గించానో వరుసగా చూసుకున్నాను. నెలకు నాలుగు కిలోల కందిపప్పు రెండు కిలోలు అయింది. తొంభై గుడ్లు ముప్ఫైకి వచ్చాయి. రోజుకు లీటరు పాలు అర లీటరు అయ్యాయి, పెరుగు స్థానంలో పలుచని మజ్జిగ వచ్చింది. ముద్దపప్పు, ఆకుకూర పప్పు మానేసి, గుప్పెడు పప్పుతో పెద్ద గిన్నెడు పప్పుచారు కాచడం నేర్చుకున్నాను. ఇవన్నీ నాకు గుర్తున్నవే. కానీ గుర్తులేనివి రెండు ఆ పుస్తకంలో కనిపించాయి. ఒకటి, బియ్యం ఖర్చు పెరిగింది. నెలకు ఒక బస్తా సరిపోయే ఇంట్లో బస్తాన్నర అయింది. రెండవది, బిస్కెట్లు, మిక్స్చరు, నూడుల్స్ వంటి పొట్లాల ఖర్చు ఆరు వందల నుంచి తొమ్మిది వందల యాభైకి వెళ్ళింది. పప్పు తగ్గిన పళ్ళెంలో అన్నం పెరిగింది. అన్నం తిన్న రెండు గంటలకే పిల్లలకు ఆకలి వేస్తుంటే, చేతిలో ఏదో ఒకటి పెట్టడానికి పది రూపాయల పొట్లం వచ్చింది. ఒక చేత్తో ఆపిన డబ్బులో కొంత మరో చేత్తో పోతూనే ఉంది, దానికి తోడు ఒంట్లో రక్తం పోయింది.

అందుకే, ఇంటి ఖర్చు తగ్గించుకోవడం గురించి ఎవరు మాట్లాడినా నేను అడిగే మొదటి ప్రశ్న, ఎంత తగ్గించారని కాదు, ఎవరి పళ్ళెంలో తగ్గించారని. మన జిల్లాలలో చేయి బిగువైనప్పుడు ముందు పోయేది పప్పు, గుడ్డు, పెరుగు. అన్నం పోదు, పచ్చడి పోదు, టీ పోదు. గోంగూర పచ్చడీ కారప్పొడీ ఉంటే కంచంలో ముద్ద దిగుతుంది కాబట్టి లోటు నాలుకకు తెలియదు. మా అమ్మ ఊళ్ళో నాలుగు మెతుకులు, కాస్త కారం, చుక్క నూనె వేసుకుని పూట గడిపిన వాళ్ళను నేను కళ్ళారా చూశాను. వాళ్ళకు కడుపు నిండలేదని ఎవరూ అనలేరు, బలం మాత్రం ఉండేది కాదు.

లోటు వచ్చిన ఆ కొద్దిపాటి పప్పు కూడా ఇంట్లో అందరికీ సమానంగా తగ్గదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. కానీ మన ఇళ్ళలో వడ్డించే మనిషే కడపంక్తిలో కూర్చుంటుంది. పనికి వెళ్ళే మగవాడికి, ఎదిగే పిల్లలకు, పెద్దవయసు వాళ్ళకు గరిటెతో చిక్కని పప్పు పడుతుంది. ఆమె కూర్చునే వేళకు గిన్నె అడుగున చారు మిగులుతుంది. "నాకు ఇది చాల్లే" అన్న మాట మన ఇళ్ళలో ఎంత సహజంగా వస్తుందంటే, అది ఒక ఖర్చు తగ్గింపు అని ఎవరికీ తోచదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. వరి పండే డెల్టా, పాడి ఉన్న పల్లెలు, కోళ్ళ ఫారాలు ఉన్న రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం చాలడం లేదంటే, దానికి మందులు అందకపోవడం, నులిపురుగులు, నెలసరి వంటి కారణాలు ఎన్ని చెప్పుకున్నా, వంటింటి లెక్కను తప్పించి మాట్లాడలేము. ఆ 58.8లో ఒకరిని నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

అప్పటి నుంచి పద్దు రాసే తీరు మార్చాను. ఇదివరకు బియ్యంతో మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదటి వరుస పప్పులది, రెండవది గుడ్లది, మూడవది పాలది. ఈ మూడింటికీ డబ్బు తీసి పక్కన పెట్టిన తరువాతే మిగిలిన వాటికి పంపకం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములన్న మాట. ఇది దృష్టిలో పెట్టుకుని, నేను కొనే ధరలలో వంద రూపాయలకు ఎంత మాంసకృత్తులు వస్తాయో ఒక రోజు కూర్చుని కట్టాను. కందిపప్పు కిలో నూట ముప్ఫై అనుకుంటే, దానిలో ఇరవై రెండు శాతం చొప్పున, వందకు దాదాపు నూట డెబ్భై గ్రాములు. వేరుశెనగపప్పుకు కూడా ఇంచుమించు అంతే వస్తుంది. గుడ్డు ఆరున్నర అయితే వందకు పదిహేను గుడ్లు, తొంభై గ్రాములు. పాలకు యాభై చిల్లర. ఇక ఉలవలైతే కిలో తొంభై రూపాయలకే దొరుకుతున్నాయి, కందిపప్పుతో సమానమైన బలం ఉంది. వందకు రెండు వందల నలభై గ్రాముల దాకా వస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళం ఉలవచారును పెళ్ళి విందులకు, హోటలు భోజనాలకు వదిలేసి, ఇంట్లో కాచడం మరచిపోయామేమోనని నాకు అనిపిస్తుంది. రాత్రి నానబెట్టి, కుక్కరులో ఉడికించి, ఆ కట్టుతో చారు కాచుకుని, ఉడికిన గింజలను తాలింపు వేసుకుంటే ఒక కాసు వృథా కాదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి, నాకూ వచ్చింది. బియ్యంలో కూడా వంద గ్రాములకు ఏడు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి కదా, యాభై ఐదు రూపాయల బియ్యాన్ని ఈ లెక్కన కడితే గుడ్డు కంటే చవక కదా అని. కాగితం మీద అది నిజమే. కానీ బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే భాగం తక్కువ, అది పప్పులలో సమృద్ధిగా ఉంటుంది. పప్పులో కొరవడినది బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే రోజు తిండిలో పడితే రెండూ ఒంటికి పూర్తిగా పనికివస్తాయి. పప్పన్నం అన్న మాటను మన పెద్దలు పెళ్ళికి మారుపేరుగా వాడారు గానీ, అది రోజువారీ తిండికి కూడా సరైన జోడు. పప్పు తగ్గించిన ఇంట్లో అన్నం కూడా తన పూర్తి పని చేయదు కాబట్టి, పప్పు మీద చేసిన పొదుపు రెండు వైపులా నష్టం.

కందిపప్పు ధర మీద మన అదుపు ఏమీ లేదు. 2015 చివర్లో అది కిలో రెండు వందల దాకా వెళ్ళింది. మయన్మార్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతి చేసుకుంటే తప్ప మన దేశానికి సరిపోదు. అందువల్ల కందిపప్పు ఒక్కదానికే కట్టుబడి ఉండడం మానేశాను. అది నూట అరవై దాటిన నెలలో రెండు కిలోలు కంది, మిగిలినది పెసర, శనగ, బొబ్బర్లు, ఉలవలు. చాయపెసరపప్పుతో బీరకాయ, సొరకాయ కూరలు, శనగపప్పుతో పొట్లకాయ కూర, సాయంత్రాలు ఉడికించిన శనగల గుగ్గిళ్ళు. అత్తయ్యగారికి పెసరపప్పు జ్వరం వచ్చినవాళ్ళ తిండి. "పథ్యం పెడుతున్నావా అమ్మాయ్?" అని మొదట్లో అనేవారు. మామిడికాయ వేసి వండిన రోజు మారు అడిగి వేయించుకున్నారు. అట్లకు, ఇడ్లీకి పొట్టు తీసిన మినపగుళ్ళు మాని పొట్టు మినపప్పు తీసుకుంటే కిలోకు ఇరవై, ముప్ఫై తగ్గుతుంది. కడిగేటప్పుడు కాస్త పొట్టు ఉండిపోయినా నష్టం లేదు.

సరుకు ఎప్పుడు కొనాలన్నది ఎక్కడ కొనాలన్నంత ముఖ్యం. మన డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో, నేలలో మిగిలిన తేమ మీదనే మినుము, పెసర పండుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త సరుకు వస్తుంది. అదే కాలంలో కొత్త చింతపండు, గుంటూరు యార్డుకు కొత్త మిరప. మా అమ్మ ఏటా మార్చిలో గుంటూరు సన్నం కాయలు నాలుగు కిలోలు తీసి, డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తుంచి, మరలో పట్టించి జాడీలో ఉప్పు కలిపి దాస్తుంది. అందులో నాకు రెండు కిలోలు వస్తుంది. పొట్లం కారంతో పోలిస్తే ఇది సగం వేస్తే చాలు.

అయితే ఏడాది సరుకు ఒకేసారి కొనుక్కోమని సలహా ఇచ్చే వాళ్ళు రెండు సంగతులు మరచిపోతారు. మొదటిది, ఒకేసారి కొనడానికి చేతిలో ఒకేసారి డబ్బు ఉండాలి. అది లేనివాడు పావుకిలో చొప్పున కొని, కిలోకు పదో పదిహేనో ఎక్కువ పెట్టి, లేమికి అదనపు వడ్డీ కడుతున్నాడు. మా వీధిలో ఆరుగురం ఆడవాళ్ళం నెలకు మూడు వందలు వేసుకుని, మార్చిలో ఆ మొత్తంతో మినుములు, చింతపండు బస్తాల లెక్కన తెచ్చి పంచుకుంటున్నాం. నాకు తెలిసిన మార్గం అదొక్కటే. రెండవది ఇల్లు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ కింది వాటాలో అద్దెకుండే మా చెల్లెలి ఇంట్లో మంచం కింద దాచిన రెండు బస్తాల బియ్యం, పది కిలోల కందిపప్పు, జాడీలోని కారం నీళ్ళపాలయ్యాయి. ప్రాణాలు దక్కితే చాలనుకున్న రోజులవి గనుక అప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తరువాత ఆమె, "ముందుచూపుతో కొన్నదే ముందు పోయింది అక్కా" అంది. కింది వాటాలో ఉండే వాళ్ళకు రెండు నెలలకు మించి దాచుకోమని నేను ఇప్పుడు చెప్పను.

కూరగాయలకు నా దారి రైతుబజారు. 1999లో ఇవి మొదలైనప్పుడు నేను గుంటూరులో చదువుకుంటున్నాను. దళారీ లేకుండా రైతే తెచ్చి అమ్మడం, ధరలు బోర్డు మీద రాసి పెట్టడం అప్పట్లో కొత్త. 2023 వేసవి దాటాక టమాటా కిలో వంద దాటినప్పుడు ప్రభుత్వం రైతుబజార్లలో యాభై రూపాయలకే ఇచ్చింది. ఆ వరుసల్లో నేనూ నిలబడ్డాను. కానీ అంతసేపు నిలబడ్డాక ఒక ఆలోచన వచ్చింది. పులుపు కోసమే కదా ఈ టమాటా, చింతకాయ, మామిడికాయ, చుక్కకూర, గోంగూర ఉన్న నేలలో దాని కోసం గంటసేపు ఎండలో ఎందుకని. ధర పెరిగిన కూర వెంట పడకుండా, ఆ వారం ఏది విరివిగా వచ్చిందో దానిని బట్టి వంట నిర్ణయించుకుంటే వారానికి ఐదు వందలలో ఐదుగురికి సరిపోతుంది. తోటకూర, గోంగూర, మునగాకు ఈ మూడూ దాదాపు ఏడాది పొడుగునా ఉంటాయి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలని, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదని డాక్టరమ్మగారు చెప్పారు. నిమ్మచెక్క పైసా ఖర్చుతో సమానం, టీని గంట వెనక్కి జరపడానికి అది కూడా అక్కరలేదు.

చౌక బియ్యం సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితంగా వస్తోంది. మా ఐదుగురికి ఇరవై ఐదు కిలోలు. లావు బియ్యమని, అన్నం ముద్దవుతుందని చాలా ఇళ్ళలో దానిని గుమ్మంలోకి వచ్చిన వాళ్ళకు కిలో పదీ పన్నెండుకు ఇచ్చేస్తున్నారు. నేను కూడా ఒకప్పుడు అలాగే చేశాను. అది చట్టప్రకారం తప్పు. అంతకు మించి, ఇంటి లెక్క ప్రకారం పెద్ద నష్టం. 2024 నాటికి ఆ బియ్యంలో వంద గింజలకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలిపి ఇచ్చేవారు. కాస్త వేరుగా కనిపించే ఆ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసే వాళ్ళను చూశాను. రక్తం చాలని ఇంట్లో, రక్తం కోసం కలిపిన గింజను ఏరి పారేయడం కంటే విచారకరం మరొకటి లేదు. మా ఇంట్లో ఆ బియ్యం ఇడ్లీకి, అట్లకు, ఉప్పుడు పిండికి, పులిహోరకు, రాత్రి అన్నానికి వాడతాం. పగటి అన్నానికి మాత్రం పాత సన్న బియ్యం, ఇరవై ఆరు కిలోల ఒక బస్తా రెండు నెలల పాటు వస్తుంది. (ఆ ఇరవై ఆరు కూడా 2022 జూలై తరువాత వచ్చిన లెక్కే; ఇరవై ఐదు కిలోల వరకు కట్టిన సంచుల మీద ఐదు శాతం పన్ను వేసినప్పటి నుంచి వ్యాపారులు ఒక కిలో పెంచి కడుతున్నారు.) పాత బియ్యం ధర కాస్త ఎక్కువైనా ఒదుగు ఎక్కువ, కొత్త బియ్యం కంటే అదే గిట్టుబాటు.

పొట్లాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2022–23 కేంద్ర ప్రభుత్వ సర్వేలో పట్టణాలలో మనిషికి నెల ఖర్చు సగటున 6,459 రూపాయలు. అందులో తిండికి 39.17 శాతం, ఆ తిండిలోనూ పానీయాలు, చిరుతిళ్ళు, తయారు తిండికే మొత్తం ఖర్చులో 10.64 శాతం. అంటే తిండి మీద పెట్టే ప్రతి నాలుగు రూపాయలలో ఒకటికి పైగా అటు పోతోంది. కోత పెట్టవలసిన చోటు ఏదో ఆ అంకెలే చెబుతున్నాయి. నూనె పొట్లాల మీద బరువు చదివి కొనండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, అంతకు తక్కువ ఉన్న పొట్లాన్ని లీటరు పొట్లంతో పోల్చి చవక అనుకోవద్దు.

ఇవన్నీ చెప్పినప్పుడు, మా ఇంటికి ఎదురుగా ఉండి నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఆవిడ ఒక మాట అంది: "మీకు ఏరుకోవడానికి, నానబెట్టడానికి తీరిక ఉంది కాబట్టి కుదిరిందమ్మా." ఆ మాట కాదనలేను. ఉలవలు నానబెట్టాలి, ఆకుకూర ఏరాలి, బియ్యంలో రాళ్ళు చూడాలి, బజారుకు నడిచి వెళ్ళాలి. పొదుపులో సగం భాగం ఆడవాళ్ళ కూలి లేని కూలి. ఆమె ఉదయం ఐదింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ఆమెకు పది రూపాయల పొట్లం తప్పనిసరి అవుతున్నదంటే అది ఆమె తెలివితక్కువ కాదు. ఆమెకు నేను చెప్పగలిగినది గుడ్డు ఒక్కటే: పది నిమిషాలలో ఉడుకుతుంది, ఏరనక్కరలేదు, నానబెట్టనక్కరలేదు, పొట్లం కంటే చవక. మిగిలినది ఆ ఇంటి మగవాళ్ళతో మాట్లాడవలసిన సంగతి. మా ఇంట్లో ఆకుకూర ఏరే పని, రైతుబజారు పని ఇప్పుడు మావారివి. మొదటి వారం ముదురు బెండకాయలు తెచ్చారు. మూడవ వారానికి కొన విరిచి చూసి తేవడం అలవాటైంది.

ఇప్పుడు మా ఇంటి నెల ఖర్చు తొమ్మిది వేల రెండు వందలు, మూడు వందల మధ్య ఉంటోంది. అందులో పప్పులు, వేరుశెనగ కలిపి పన్నెండు వందల పైచిలుకు, తొంభై గుడ్లకు దాదాపు ఆరు వందలు, పాలకు పదిహేడు వందలు. అంటే మూడు వేల ఐదు వందల పైన మొదటి మూడు వరుసలకే పోతోంది. 2022 నాటి ఏడు వేలతో పోలిస్తే ఇది పొదుపు కాదని ఎవరైనా అనవచ్చు. ఆ ఏడు వేలలో నా వాటా, మా అమ్మాయి వాటా లెక్కలోకి రాలేదు గనుక నేను ఒప్పుకోను.

వడ్డన కూడా మారింది. కుక్కరు మూత తీయగానే ఐదు గిన్నెలలోకి పప్పు ఒకే గరిటెతో తీస్తాను, ఐదవది నాది. "వడ్డించకముందే తీసి పెట్టుకోవడం ఏమిటి?" అని అత్తయ్యగారు మొదట నొచ్చుకున్నారు. నేను రక్తపరీక్ష చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె చదువుకున్న మనిషి కాదు, మనుమరాలి చేత చదివించుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. మరునాడు ఆమే గరిటె అందుకుని గిన్నెలు నింపారు. నా గిన్నె కాస్త వెలితిగా ఉందని మరో అర గరిటె పోశారు.

క్రిందటి నెల పరీక్షలో అమ్మాయికి 11.9, నాకు 11.4 వచ్చింది. ఆ రెండు అంకెలనూ ఈ ఏడాది పుస్తకంలో పప్పుల వరుస పక్కనే రాసుకున్నాను.